నెల తప్పడం మాకు శుభవార్త కాదు: పీసీఓఎస్‌తో సంతానం కోసం ప్రయత్నిస్తున్నవారి చర్చ

గోదారి గట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. నాకు 29 ఏళ్లు. పెళ్లయి రెండేళ్లు దాటింది, పిల్లల కోసం ప్రయత్నించడం మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. ఇంటర్ చదివే రోజుల నుంచీ నాకు నెలసరి నలభై అయిదు రోజులకో, అరవై రోజులకో వస్తుంది; ఒకసారి తొంభై రోజులు కూడా పట్టింది. మన వైపు ఎవరైనా కడుపుతో ఉంటే ‘నెల తప్పింది’ అంటారు కదా, నాకు ఏడాదిలో సగం నెలలు తప్పుతూనే ఉంటాయి. తప్పిన ప్రతిసారీ మా అత్తగారి ముఖం వికసిస్తుంది. నేను బాత్రూములో కిట్ మీద ఒకే గీత చూసుకుని బయటికి రాగానే వాడిపోతుంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నా ఒంటి లెక్క ఆవిడకు తెలియదు, అంతే.

స్కానింగులో రెండు అండాశయాల్లోనూ నీటి బుడగలు ఉన్నాయని, ఇది పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో గుడ్డు విడుదల గాడి తప్పే సమస్య) అని రాశారు. నా ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు. ఒక డాక్టరుగారు ఎనిమిది కిలోలు తగ్గి ఆరు నెలల తర్వాత రమ్మన్నారు. మరొకరు వెంటనే గుడ్డు విడుదల కోసం లెట్రోజోల్ అనే మాత్ర 2.5 మిల్లీగ్రాములు, నెలసరి మూడో రోజు నుంచి అయిదు రోజులు వేసుకోమని రాశారు. మందుల షాపులో డబ్బాలోని కాగితం విప్పి చదివితే అది రొమ్ము క్యాన్సర్ మందు అని ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆ డబ్బా ఇంకా బీరువాలోనే ఉంది. ఇవి చాలవన్నట్టు, గుడ్డు విడుదలను చూపించే కిట్ కొంటే అది వరుసగా తొమ్మిది రోజులు రెండు గీతలూ చూపించింది. ఈ దారిలో ముందు నడిచినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

కరీంనగర్ కోడలు

చెల్లీ, నీ ఉత్తరం చదువుతుంటే నాలుగేళ్ల కిందటి నన్ను నేను చూసుకున్నట్టుంది. నాకూ యాభై రోజులకోసారి వచ్చేది. నేను మందు కంటే ముందు బరువు మీద పడ్డాను, అది నాకు కలిసివచ్చింది. 68 నుంచి 63కి వచ్చేసరికి నెలసరి ముప్పై నాలుగు, ముప్పై అయిదు రోజులకు కుదిరింది. ఉన్న బరువులో నూటికి అయిదు నుంచి పది వంతులు తగ్గినా చాలామందిలో గుడ్డు విడుదల మళ్లీ మొదలవుతుందని మా డాక్టరమ్మ చెప్పింది. నీ లెక్కన అది మూడున్నర నుంచి ఏడు కిలోలు.

అన్నం మానేయమని ఎవరు చెప్పినా వినకు. మన ఇళ్లలో అన్నం మానేస్తే పది రోజులు ఉంటాం, పదకొండో రోజు రెండింతలు తింటాం. నేను కంచంలో కొలత మార్చాను. ముందు కూర, పప్పు పెట్టుకుని, మిగిలిన చోట్లోనే అన్నం వడ్డించుకున్నాను. రాత్రికి జొన్నరొట్టె, పొద్దున పెసరట్టు లేదా రెండు గుడ్లు. రాగి జావ మంచిదని అందరూ అంటారు గానీ, పల్చగా కాచి బెల్లం వేసుకుని తాగితే చక్కెర త్వరగానే పెరుగుతుంది; సంగటి చేసుకుని ఆకుకూర పప్పుతో తినడం వేరు. సాయంత్రం టీతో తినే బిస్కెట్లే నా అసలు శత్రువులని మూడో నెలలో గాని నాకు తెలియలేదు. రోజూ నలభై నిమిషాల నడకతో పాటు వారానికి రెండుసార్లు బరువులెత్తేదాన్ని. బరువులంటే మరేం కాదు, రెండు లీటర్ల నీళ్ల సీసాలు.

మా పాపకు ఇప్పుడు రెండేళ్లు. అయితే అలా ఆరు నెలలు బరువు తగ్గాక నేనూ మందు వాడాను, ఆ సంగతి దాచడం లేదు.

మందుల చీటీ (హైదరాబాద్)

గోదారి గట్టు గారూ, నేను ఫార్మసీ చదివి ఒక ఆసుపత్రి మందుల విభాగంలో పని చేస్తున్నాను, డాక్టరును కాను. అయినా ఆ డబ్బాలోని కాగితం చదివి భయపడి మా కిటికీ దగ్గరికి తిరిగి వచ్చిన అమ్మాయిలను ఎందరినో చూశాను కనుక ఆ విషయం నాకు బాగా తెలుసు.

లెట్రోజోల్ చేసే పని ఒక్కటే. ఒంట్లో పురుష హార్మోను ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోనుగా మారడాన్ని అది కొద్దికాలం ఆపుతుంది. రొమ్ము క్యాన్సర్‌లో ఈస్ట్రోజన్‌ను అణచి ఉంచాలి కాబట్టి ముట్లుడిగిన స్త్రీలకు దాన్ని రోజూ, ఏళ్ల తరబడి ఇస్తారు. మీకు ఇచ్చేది అయిదే రోజులు. ఈస్ట్రోజన్ తగ్గిందని గుర్తించిన మెదడు అండాశయాన్ని ప్రేరేపించే హార్మోనును మరికాస్త పంపుతుంది, దాంతో ఆగిపోయిన గుడ్డు సంచి ఒకటి పెరగడం మొదలుపెడుతుంది. గుడ్డు విడుదలయ్యే సమయానికి మందు చాలావరకు ఒంటి నుంచి వెళ్లిపోతుంది.

దీనికి ఒక చరిత్ర ఉంది. 2005లో ఒక వైద్య సదస్సులో సమర్పించిన చిన్న పత్రం, ఈ మందుతో పుట్టిన పిల్లల్లో లోపాలు ఎక్కువేమో అన్న అనుమానం లేవనెత్తింది. తర్వాత పెద్ద సంఖ్యలో పిల్లలను పరిశీలించిన అధ్యయనాలు ఆ అనుమానాన్ని బలపరచలేదు. అయినా మన దేశంలో 2011లో సంతానలేమికి దీని వాడకాన్ని నిషేధించారు, 2017లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. ఈ మధ్యలో, 2014లో, అమెరికాలో 750 మంది పీసీఓఎస్ స్త్రీల మీద జరిగిన అధ్యయనం వెలువడింది. అయిదు నెలసరి చక్రాల వరకు మందు వాడగా, లెట్రోజోల్ తీసుకున్నవారిలో నూటికి 27.5 మంది బిడ్డను కన్నారు, పాత మందు క్లోమిఫీన్ తీసుకున్నవారిలో 19.1 మంది. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా గుడ్డు విడుదల సమస్య ఉన్న పీసీఓఎస్ స్త్రీలకు మొదట ఇవ్వవలసిన మందు ఇదేనంటున్నాయి. మీ రెండో డాక్టరుగారు రాసినది విచిత్రమైన మందేమీ కాదు.

ఇక నీటి బుడగల సంగతి. ఆ మాట వినగానే వాటిని కరిగించాలనో, కోసి తీసేయాలనో జనం అనుకుంటారు. అవి గడ్డలు కావు, ఎదుగుతూ మధ్యలో ఆగిపోయిన గుడ్డు సంచులు. మామూలుగా నెలకొకటి ముందుకు దూసుకుపోయి సుమారు 20 మిల్లీమీటర్లకు చేరి పగులుతుంది. ఇక్కడ ఇన్సులిన్, పురుష హార్మోను ఎక్కువగా ఉండడం వల్ల అన్నీ చిన్నవిగానే నిలిచిపోతాయి. స్కానింగులో అవి కనిపించినంత మాత్రాన పీసీఓఎస్ అని తేల్చరు. 2003లో రోటర్‌డామ్‌లో కుదిరిన లెక్క ప్రకారం మూడింటిలో రెండు ఉండాలి: గుడ్డు విడుదల సక్రమంగా లేకపోవడం, పురుష హార్మోను ఎక్కువైన లక్షణాలు గాని రక్తపరీక్షలో దాని ఆధారం గాని ఉండడం, స్కానింగులో ఆ సంచులు కనిపించడం. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలకు సంబంధించిన హార్మోను) తేడాలు లేవని ముందుగా చూసుకోవాలి. ఆ పరీక్షలు మీకు చేశారా?

మీ కిట్ తప్పు చేయలేదు. గుడ్డు విడుదలకు ముందు ఎల్‌హెచ్ హార్మోను ఒక్కసారిగా ఎగబాకడాన్ని అది పసిగడుతుంది. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఆ హార్మోను మామూలు రోజుల్లోనే ఎక్కువగా ఉంటుంది, అందుకే ఆ తొమ్మిది రోజుల గీతలు. వాటిని నమ్మి కలయిక రోజులు లెక్కపెట్టుకోవద్దు.

సన్నజాజి (బెంగళూరు)

బరువు మాట వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, క్షమించండి. నా బరువు 47 కిలోలు. నాకూ పీసీఓఎస్ ఉంది, గడ్డం కింద వెంట్రుకలు ఉన్నాయి, నెలసరి రెండు నెలలకోసారి వస్తుంది. సన్నగా ఉన్నవారికీ ఇది వస్తుందన్న సంగతి బంధువులకు సరే, కొందరు డాక్టర్లకు కూడా చెప్పవలసి వచ్చింది. ‘కాస్త తగ్గు తల్లీ, అన్నీ సర్దుకుంటాయి’ అన్నవారికి నేను ఇంకేం తగ్గాలో తెలియలేదు.

నేను 27 ఏళ్ల వయసులో ఒక సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లాను, పేరు చెప్పను. నా స్కానింగు చూసిన పావుగంటలో ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ బేబీ) ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. అప్పటికి నేను గుడ్డు విడుదలకు ఇచ్చే మాత్ర ఒక్కటి కూడా వేసుకోలేదు, మావారికి పరీక్షే చేయలేదు, గర్భనాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడలేదు. బయటికి వచ్చి ఒక మామూలు గైనకాలజిస్టు దగ్గరికి వెళితే ఆవిడ ఆ మూడూ వరుసగా చేయించారు. మూడో చక్రంలో లెట్రోజోల్‌తో నాకు గర్భం నిలిచింది. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. మొదటి మెట్టు ఎక్కకుండానే అయిదో మెట్టు మీదికి ఎత్తి కూర్చోబెడతామనేవారిని ‘ఎందుకు’ అని అడగండి.

ఇంకో సంగతి. ఐవీఎఫ్ కోసమైనా, మాత్రలు పనిచేయనప్పుడైనా ఇంజెక్షన్లు మొదలుపెడితే, మనలాంటివారిలో ఒకేసారి బోలెడు గుడ్లు పెరిగి అండాశయాలు ఉబ్బే ప్రమాదం మామూలువారి కంటే ఎక్కువ. పొట్ట ఉబ్బరం, వాంతులు, ఆయాసం, ఒకటి రెండు రోజుల్లోనే బరువు పెరగడం, మూత్రం తగ్గడం వంటివి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. ఈ సంగతి నాకు ఆ ప్యాకేజీ కాగితంలో ఎక్కడా కనిపించలేదు.

గోదారి గట్టు (రాజమండ్రి)

మందుల చీటీ గారూ, థైరాయిడ్ చేశారు, ప్రొలాక్టిన్ చేయలేదు. సన్నజాజి గారు చెప్పిన మూడింటిలో మావారి పరీక్ష కూడా జరగలేదు. అడిగితే ‘సమస్య నీకుందని తేలింది కదా, నాకెందుకు’ అన్నారు. గొడవ పడలేదు, కానీ ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఓరుగల్లు మనిషి

గోదారి గట్టు గారూ, ఈ చర్చలో మగవాడిని నేనొక్కడినే ఉన్నట్టున్నాను. మీ వారు అన్న మాటే నేనూ ఎనిమిది నెలలు అన్నాను. నా భార్యకు పీసీఓఎస్ అని తేలగానే నాకు లోలోపల కొంత ఊరట కలిగింది, ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం. ఆ ఎనిమిది నెలలూ ఆమె మాత్రలు మింగింది, రోజు విడిచి రోజు స్కానింగు గది బయట కూర్చుంది. చివరికి ఆమె కోసం కాదు, డాక్టరుగారు తదుపరి మందు రాయనని పట్టుబట్టడం వల్ల పరీక్ష చేయించుకున్నాను. మిల్లీలీటరుకు 90 లక్షల వీర్యకణాలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు కోటి 60 లక్షలు. ఎనిమిది నెలలు ఆమె ఒంటి మీద జరిగిన వైద్యంలో సగం సమస్య లెక్కలోకే రాలేదన్నమాట.

పరీక్షలో నొప్పి లేదు, సూది లేదు. రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి నమూనా ఇవ్వాలి, ఇంట్లో సేకరిస్తే గంటలోపు ల్యాబుకు చేర్చాలి. ఒకసారి తక్కువ వచ్చినంత మాత్రాన తీర్పు కాదు, వీర్యకణం తయారు కావడానికి రెండు నెలల పైనే పడుతుంది కాబట్టి మూడు నెలల తర్వాత మళ్లీ చేస్తారు. నేను ఈలోపు సిగరెట్ మానేశాను. రెండోసారి అంకె మెరుగుపడింది, అయితే అది సిగరెట్ మానడం వల్లే అని నేను ప్రమాణం చేయలేను.

మీ వారు చదువుతానంటే ఈ పోస్టు చూపించండి. ఆయనకు ఇంకేమైనా అడగాలనిపిస్తే ఇక్కడే అడగమనండి, తప్పక జవాబిస్తాను.

డాలస్ తెలుగింటి

అందరూ గుడ్డు గురించే మాట్లాడుతున్నారు, నేను చక్కెర గురించి చెబుతాను. నాకు ఇక్కడ డాక్టరు గర్భానికి ముందే 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీయించారు. పరగడుపు చక్కెర మామూలుగానే ఉంది, రెండు గంటల అంకె మాత్రం హద్దు దాటింది. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుని ఉంటే నాకేమీ లేదనుకునేదాన్ని. పీసీఓఎస్ ఉన్నవారికి గర్భిణిగా ఉన్నప్పుడు మధుమేహం, రక్తపోటు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, ఈ పరీక్ష గర్భం నిలిచాక కాదు, ముందే చేయించుకుంటే మేలు. మన భారతీయులకు బరువు హద్దులు కూడా వేరు. ఎత్తుకు తగ్గ బరువు సూచిక 23 దాటితే చాలు, అధిక బరువుగా లెక్కిస్తారు. గోదారి గట్టు గారి అంకెలతో లెక్క వేస్తే 28.8 వస్తోంది.

ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టారా? గర్భం తేలాక వేసుకునేది కాదు, ప్రయత్నించే రోజుల నుంచే రోజుకు కనీసం 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. మధుమేహం వంటివి ఉన్నవారికి ఎక్కువ మోతాదు రాస్తారు. మొటిమలకో, అవాంఛిత రోమాలకో స్పైరోనోలాక్టోన్ వంటి మందులు వాడుతుంటే, ప్రయత్నం మొదలుపెట్టక ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. రుబెల్లా టీకా పడలేదని తేలితే అది వేయించుకుని నెల రోజులు ఆగాలి, నాకు అలాగే ఒక నెల పోయింది.

మరో ముఖ్యమైన పొరపాటు: గుడ్డు విడుదలైందా అని చూసే ప్రొజెస్టెరాన్ పరీక్షను ‘21వ రోజు’ చేయమంటారు. అది ఇరవై ఎనిమిది రోజుల చక్రానికి పుట్టిన లెక్క. నలభై రోజుల చక్రం ఉన్నవారికి 21వ రోజున తక్కువ రావడం సహజం. రాబోయే నెలసరికి ఏడు రోజుల ముందు చేయాలి.

మందుల చీటీ (హైదరాబాద్)

కరీంనగర్ కోడలు గారి అనుభవాన్ని గౌరవిస్తూనే ఒక భిన్నాభిప్రాయం చెబుతాను. బరువు తగ్గడం గర్భిణి ఆరోగ్యానికీ, రేపటి మధుమేహాన్ని దూరం పెట్టడానికీ మంచిదే. కానీ ‘ముందు తగ్గి ఆరు నెలల తర్వాత రా’ అనడం వల్ల పిల్లలు కలిగే అవకాశం పెరుగుతుందన్న రుజువు బలహీనం. నెదర్లాండ్స్‌లో స్థూలకాయం ఉన్న 577 మంది సంతానార్థులతో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు నెలలు బరువు తగ్గించే కార్యక్రమం చేశాక వైద్యం మొదలుపెట్టినవారి కంటే, నేరుగా వైద్యం మొదలుపెట్టినవారిలోనే సహజ ప్రసవంతో, నెలలు నిండి, కవలలు కాకుండా ఒక్క ఆరోగ్యవంతమైన బిడ్డను కన్నవారు ఎక్కువ. అందులో అందరికీ పీసీఓఎస్ లేదన్న మాట నిజమే. అయినా 37, 38 ఏళ్లవారిని ఆరు నెలలు ఆపడం మాత్రం నాకు మింగుడుపడదు, వయసు ఎవరి కోసమూ ఆగదు కదా.

కరీంనగర్ కోడలు

37 ఏళ్లవారి సంగతి ఒప్పుకుంటాను. కానీ ఈ చెల్లికి 29. నాకు అన్నిటికంటే నచ్చింది మందు లేకుండా నెలసరి దారిలో పడడం. అది పరిశోధన లెక్కల్లో కనిపించకపోవచ్చు. రెండూ కలిపి నడిపించవచ్చు కదా, ఒకటి ఆపి ఇంకొకటి ఎందుకు?

మందుల చీటీ (హైదరాబాద్)

కలిపి నడిపిస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు. నా తగాదా ‘ఆ తర్వాత రా’ అన్న మాటతోనే.

తులసికోట (గుంటూరు)

మా బంధువుల అమ్మాయి మెట్‌ఫార్మిన్ అనే మధుమేహం మందు ఒక్కదానితోనే గర్భవతి అయింది. ఇనోసిటాల్ పొడి కూడా వాడింది. ఈ రెండూ చాలవా?

మందుల చీటీ (హైదరాబాద్)

తులసికోట గారూ, మెట్‌ఫార్మిన్ ఇన్సులిన్‌ను అదుపు చేస్తుంది, కొందరిలో గుడ్డు విడుదలకూ తోడ్పడుతుంది. కానీ 2007 నాటి అమెరికా అధ్యయనంలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే తీసుకున్నవారిలో నూటికి 7.2 మందే బిడ్డను కన్నారు, క్లోమిఫీన్ తీసుకున్నవారిలో 22.5 మంది. మెట్‌ఫార్మిన్ భోజనంతో, తక్కువ మోతాదుతో మొదలుపెడితే కడుపు తిప్పడం తగ్గుతుంది, ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గిందేమో చూసుకోవాలి. ఇనోసిటాల్ వల్ల హాని తక్కువే, పిల్లలు కలిగే అవకాశం పెరుగుతుందన్న రుజువు మాత్రం ఇంకా పలచనే. దాని ధర మాత్రం పలచన కాదు.

నిర్వాహకులు

‘నలభై ఎనిమిది రోజుల్లో నీటి బుడగలు మాయం’ అంటూ ఒక పొడి అమ్మకానికి ఫోను నంబరు పెట్టిన పోస్టును తొలగించాము. ఏ మందునైనా ఇక్కడ అమ్మకానికి పెట్టవద్దు.

గోదారి గట్టు (రాజమండ్రి)

మూడు నెలల తర్వాత తిరిగి వచ్చాను. ఓరుగల్లు మనిషి గారి పోస్టును మావారి ఫోనుకు పంపి, ఏమీ అనకుండా ఊరుకున్నాను. నాలుగో రోజు ఆయనే ల్యాబు చిరునామా అడిగారు. ఆయన పరీక్ష మామూలుగా వచ్చింది, నా ప్రొలాక్టిన్ కూడా. గ్లూకోజు పరీక్షలో రెండు గంటల అంకె హద్దు మీద ఉంది, అందుకని మెట్‌ఫార్మిన్ చేర్చారు. ఆరు నెలలు ఆగమన్న డాక్టరుగారి దగ్గరికి మళ్లీ వెళ్లలేదు. నడకా మందూ రెండూ ఒకేసారి మొదలుపెట్టాను, ఇప్పటికి మూడున్నర కిలోలు తగ్గాను.

మొదటి చక్రంలో లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములకు ఏ గుడ్డు సంచీ 11 మిల్లీమీటర్లు దాటలేదు. స్కానింగు చేసే ఆవిడ ప్రతిసారీ ‘లేదమ్మా’ అని తెర పక్కకు తిప్పేసేవారు. రెండో చక్రంలో 5 మిల్లీగ్రాములు ఇచ్చారు. పదహారో రోజున కుడివైపు ఒకటి 19 మిల్లీమీటర్లకు వచ్చింది, ఇంజెక్షన్ ఇచ్చి సుమారు 36 గంటల్లో గుడ్డు విడుదలవుతుందన్నారు. గర్భం నిలవలేదు. కానీ నెలసరి ముప్పై ఒకటో రోజున వచ్చింది! పదహారేళ్ల వయసు నుంచి నాకు అంత క్రమంగా రావడం ఇదే మొదటిసారి. ఏడ్చానో నవ్వానో చెప్పలేను. మా అత్తగారు ‘ఏమైందమ్మా’ అంటే, మొదటిసారి నా లెక్క మొత్తం ఆవిడకు విడమరిచి చెప్పాను. ఇప్పుడు వంటింటి క్యాలెండరులో స్కానింగు రోజులకు ఆవిడే సున్నాలు చుడుతున్నారు, పాలవాడి లెక్క పక్కనే.

మూడో చక్రంలో నిన్న ఇంజెక్షన్ తీసుకున్నాను. ఒక సందేహం: కిట్‌తో ఎప్పుడు చూసుకోవాలి? పోయిన నెల ఇంజెక్షన్ తర్వాత ఎనిమిదో రోజున రెండో గీత లేతగా కనిపించి, మూడు రోజులకు మాయమైంది. అది గర్భం నిలిచి, ఆ తర్వాత పోయినట్టా?

సన్నజాజి (బెంగళూరు)

కాదు చెల్లీ, భయపడకు. ఆ ఇంజెక్షన్‌లో ఉండేదీ, గర్భం కిట్ వెతికేదీ ఒకటే హార్మోను. పది రోజుల పైదాకా అది ఒంట్లోనే ఉండి లేత గీత చూపించవచ్చు. నేనూ అలా ఒకసారి మావారికి ఫోను చేసి, రెండు రోజులకు మళ్లీ చేయవలసి వచ్చింది. ఇంజెక్షన్ తర్వాత పద్నాలుగు రోజులు దాటాక చూసుకో, గీత లేతగా ఉంటే రెండు రోజుల ఎడంతో రక్తపరీక్ష రెండుసార్లు చేయిస్తారు.

గోదారి గట్టు (రాజమండ్రి)

అయితే ఆ రోజు వరకు కిట్ కొనను. మా అత్తగారు క్యాలెండరులో పద్నాలుగో రోజుకు ఇప్పుడే సున్నా చుట్టారు, రెండుసార్లు.